ఆమె వేయని రాయి

జనగామలో నేను అద్దెకున్న ఇంటావిడ మొదట్లో నన్ను కూతురిలా చూసుకునేది. వాళ్లది బజారులో హోల్‌సేల్ కిరాణా దుకాణం. ఇంట్లో ఒక పోలీసు మనిషి ఉంటే దొంగల భయం ఉండదని ఆమె ధీమా. నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లు పెరటి వైపు విడుస్తుంటే, "ముందట్నే ఇడువు బిడ్డా, వచ్చేపోయేటోళ్లకు కనబడాలె" అనేది.

తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడాది అదే మనిషి ఒక పొద్దున నా గది ముందు నిలబడి, నా మొహం చూడకుండా, "ఖాకీ బట్టలు మిద్దె మీద ఆరెయ్యకు బిడ్డా. రోడ్డు మీదికి కనబడుతున్నయి" అంది.

ఆ తర్వాత నా యూనిఫాం గదిలోనే ఫ్యాను కింద ఆరేది. వానాకాలంలో రెండు రోజులకు కూడా ఆరేది కాదు. తడి వాసనతోనే వేసుకుని పోయేదాన్ని.

మాది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె. నాయిన రైతు. మా ఊళ్లో గొర్రె పోయినా, పొలం గెట్టు పంచాయితీ వచ్చినా ఎవరూ స్టేషన్‌కు పోయేవాళ్లు కాదు. పోతే ఇంకో గొర్రె పోతుందనేవాళ్లు. నాయిన చిన్నతనంలో జీపు చప్పుడు వినబడితే మగవాళ్లంతా జొన్నచేలల్లోకి ఉరికేవాళ్లట. నాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి మాత్రం, "ఠాణా మెట్లు పగోడు గూడ ఎక్కొద్దంటరు. నువ్వు దినాం ఎక్కవడితివి బిడ్డా" అన్నాడు. సెలవుకు ఊరికి పోతే నాతో కలిసి పత్తి ఏరిన ఆడవాళ్లు నన్ను చూసి మాట మార్చేవాళ్లు. కొత్తలో నాకది గౌరవం అనిపించింది. అది భయమని తెలియడానికి ఏడాది పట్టింది.

ఉద్యమం రోజుల్లో ఆ భయం కూడా పోయి, ఏవగింపు మిగిలింది. బంద్ అంటే మేము, రాస్తారోకో అంటే మేము, దిష్టిబొమ్మ తగలబెడితే నీళ్ల బకెట్టుతో మేము. చదువుకునే పిల్లలు మా ముందుకొచ్చి, "నువ్వు ఈ గడ్డ మీద పుట్టలేదా అక్కా?" అని అడిగేవాళ్లు. పుట్టాను. తెలంగాణ రావాలని నాకూ ఉండేది. మా స్టేషన్‌లో చాలామందికి ఉండేది. మా హెడ్ కానిస్టేబుల్, రిటైర్‌మెంట్‌కు దగ్గర పడిన మనిషి, వ్యానులో నా పక్కన కూర్చుని మెల్లగా అనేవాడు: "కడుపుల తెలంగాణ, చేతుల లాఠీ. ఏం జేస్తం చెల్లే." ఆయన లాఠీని ఎప్పుడూ నేలకే కొట్టేవాడు. చప్పుడుకే జనం జరుగుతారని ఆయన లెక్క.

ఆ రోజు జనగామకూ రఘునాథపల్లికీ నడుమ హైవే మీద వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, బండ్లు కదలకుండా అక్కడే కూర్చుని తినడం ఆ నిరసన పద్ధతి. పొద్దున పది గంటల నుంచే చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వరుసగా పొయ్యిలు రాజేశారు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. బండ్లు రెండు వైపులా కనుచూపు మేర ఆగిపోయాయి. హన్మకొండ వైపు నుంచి వచ్చిన ఒక బస్సులోంచి జనం దిగి నడవడం మొదలుపెట్టారు.

వాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతుల మీద పచ్చబొట్లు, భుజానికి గుడ్డసంచి. మాటను బట్టి తండా మనిషని తెలిసింది.

"మేడం, జనగామ దవాఖానకు పోవాలె. బండ్లు ఎప్పుడిడుస్తరు?"

అప్పటికి మూడు గంటలుగా ఎండలో నిలబడి ఉన్నాను. "నాకేం ఎరుక? రోడ్డు బంద్ చేసినోళ్లనడుగు" అన్నాను.

ఆమె పోయి వాళ్లనడిగింది. వడ్డిస్తున్న ఒక ముసలామె, "ఇంకో గంట పడతది. నడిచిపోతవా గీ ఎండల? కూసో అక్కా, ఇంత తిని పో" అని చేయి పట్టి కూర్చోబెట్టింది. విస్తరాకు వేసింది. ఆమె సంచి ఒడిలో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. పొద్దున ఏమీ తినలేదని చూస్తే తెలుస్తోంది.

రోడ్డు ఖాళీ చేయించమని మా ఎస్సైకి పైనుంచి ఫోన్ వచ్చింది. ఆయన మైకులో రెండుసార్లు చెప్పాడు. ఎవరూ లేవలేదు. మమ్మల్ని ముందుకు పొమ్మన్నాడు. ఒక కానిస్టేబుల్ అన్నం గిన్నెను కాలితో తన్నాడు. అది దొర్లిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని తర్వాతే అరుపులు, తోపులాట మొదలయ్యాయి. నేను ఆడవాళ్లను లేపుతున్నాను. బస్సు దిగిన ఆమె ఇంకా విస్తరి ముందే కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక అటూ ఇటూ చూస్తోంది. నేను ఆమె ఎడమ రెక్క పట్టుకుని లేపాను. సరిగ్గా అప్పుడే రాయి వచ్చింది.

అది నా వెనుక నుంచి, వేపచెట్ల వైపు నుంచి వచ్చింది. మా హెడ్ కానిస్టేబుల్ కంటికి తగిలింది. ఆయన రెండు చేతులతో మొహం మూసుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను ఆమెను వదిలేసి ఆయన దగ్గరికి ఉరికాను. నా చేతుల నిండా రక్తం. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అక్కడే నిలబడి ఉంది. కుడి చేతికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

ఆ రోజు అయిదుగురు ఆడవాళ్లను వ్యాను ఎక్కించాం. అందులో ఆమె కూడా ఉంది. చేతికి దొరికినవాళ్లను దొరికినట్టే ఎక్కించాం, అంతే. సాయంత్రానికి స్టేషన్ ముందు పెద్ద గుంపు చేరింది. నాయకులు లోపలికి వచ్చి ఎస్సైతో మాట్లాడారు. మా ఊరి ఆడబిడ్డలను విడిచిపెట్టకపోతే రేపు జిల్లా మొత్తం ఆగిపోతుందన్నారు. గంటసేపు మాట్లాడుకున్నాక నలుగురిని విడిచిపెట్టడానికి ఒప్పుకున్నారు. అయిదో ఆమె ఎవరని ఎస్సై అడిగాడు.

వచ్చిన నాయకుల్లో ఒకాయన గది తలుపులోంచి తొంగి చూశాడు. "ఆమె మా ఊరామె కాదు సార్. మాకెరుక లేదు" అన్నాడు.

నలుగురూ నినాదాల మధ్య బయటికి నడిచారు. అన్నం పెట్టిన ముసలామె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. అంతలోనే ఎవరో ఆమె మెడలో దండ వేశారు.

స్టేషన్‌లో ఆడ కానిస్టేబుల్‌ను నేనొక్కదాన్నే. స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ అప్పటికే కాగితం రాసి పెట్టాడు. గుంపులో ఉన్న ఈ స్త్రీ కుడి చేతితో రాయి విసరగా అది హెడ్ కానిస్టేబుల్ కంటికి తగిలిందని, నేను కళ్లారా చూసి ఆమెను పట్టుకున్నానని అందులో ఉంది.

"సార్, ఆమె అన్నం తింటున్నది. నేనే లేపిన" అన్నాను.

ఎస్సై అలసిపోయి ఉన్నాడు. అరవలేదు. "ఆయన కన్ను పోయిందట. ఇప్పుడే దవాఖాన నుంచి ఫోన్ చేసిండ్రు. తెల్లారేలోపు ఎవరో ఒకరిని చూపియ్యాలె. నువ్వు ఎవరినన్న చూసినవా? చూస్తే చెప్పు, వాని పేరే రాస్తం" అన్నాడు.

నేనెవరినీ చూడలేదు. నా ఉద్యోగం అప్పటికి ఇంకా పర్మనెంట్ కాలేదు. అదొక్కటే కారణమని చెబితే అబద్ధమవుతుంది. హెడ్ సారు రక్తం నా చొక్కా చేతుల మీద ఎండిపోయి అట్టకట్టింది. ఏడాదిగా జనం మొహాల్లో చూసిన అసహ్యమంతా నా కడుపులో ఉంది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ కోపంతోనే సంతకం పెట్టాను.

మర్నాడు ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాం. "పోలీసులు కొట్టిండ్రా?" అని ఆయన అడిగాడు. లేదంది. నిజంగానే ఎవరూ కొట్టలేదు. ఇంకేమీ అడగలేదు కాబట్టి ఆమె ఇంకేమీ చెప్పలేదు. రిమాండ్ రాశారు.

వరంగల్ జైలుకు బస్సులో తీసుకుపోయాం. కిటికీ వైపు ఆమె, పక్కన నేను, వెనుక సీట్లో ఒక హోంగార్డు. దారిలోనే ఆమె సంగతులు తెలిశాయి. గార్ల దగ్గరి తండా. అప్పుడది ఖమ్మం జిల్లా. తండాలో అంగన్‌వాడీ ఆయా. పన్నెండేళ్లుగా పిల్లలకు వండి పెడుతోంది. కూతురిని రఘునాథపల్లి దిక్కు తండాకు ఇచ్చింది. ఆ పిల్లకు నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా జనగామలో దవాఖానలో ఉన్నారు. తండాలో తెల్లవారుజామున బయలుదేరి, మహబూబాబాద్‌లో ఒక బస్సు, హన్మకొండలో ఒక బస్సు మారి వస్తూ ఇక్కడ ఆగిపోయింది.

"మేడం, నన్ను ఎన్నొద్దులు ఉంచుతరు?"

"ఎక్కువ ఉంచరు" అన్నాను.

జైలు గేటు దగ్గర గుడ్డసంచి నా చేతికిచ్చింది. "లోపలికి పోనియ్యరట గదా. జర నా బిడ్డకు ఇయ్యి. పాత చీర ముక్కలు మెత్తగ ఉతికి తెచ్చిన, పసిదానికి. వాము ఉన్నది, నా బిడ్డకు పొడి జేసి పెట్టుమను." అప్పటికి ఆమెకు నా సంతకం సంగతి తెలియదు. దారిపొడుగునా నాకు దండం పెట్టినట్టే మాట్లాడింది.

చీర కట్టుకుని దవాఖానకు పోయాను. కూతురికి పంతొమ్మిదేళ్లుంటాయి. సంచి చూడగానే గుర్తుపట్టింది. "యాడి ఏది?" అంది. వాళ్ల భాషలో అమ్మను అట్లాగే పిలుస్తారు.

బస్సులో కలిశానని, వాళ్లమ్మ వరంగల్‌లో చుట్టాల దగ్గర ఆగిందని, జ్వరం తగిలిందని చెప్పాను. ఏ చుట్టాలని అడిగింది. తెలియదన్నాను. అల్లుడు అప్పుడు మందులకు బయటికి పోయి ఉన్నాడు. ఆ పిల్ల దగ్గర పెద్ద ఆడదిక్కు లేదు. అత్త ఎప్పుడో పోయిందట. వేడినీళ్లు తెచ్చిచ్చాను. అప్పటి నుంచి డ్యూటీ అయ్యాక రోజూ పోయాను. ఆ వార్డులో మిగతా ఆడవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. చుట్టం కాకపోయినా ఎంత చేస్తోందో చూడమని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. పోలీసునైనప్పటి నుంచి నన్ను ఎవరూ అట్లా చూడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నాలుగు రోజులు నాకు హాయిగానే ఉంది.

అయిదో రోజు నేను పోయేసరికి మంచం దగ్గర జనం ఉన్నారు. పసిబిడ్డ మధ్యాహ్నమే పోయింది. ఊపిరి అందలేదన్నారు. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసిందట. తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అల్లుడు నన్ను చూసి వరండాలోకి వచ్చాడు. సన్నటి మనిషి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాడు.

"మీరు పోలీసట గదా?"

తలూపాను.

"మా అత్త జైల్ల ఉన్నదట గదా. పేపర్ల వడ్డదని మా తండాల చెప్పిండ్రు. మీకెరుకే గదా?"

"ఎరుకే" అన్నాను.

అతడు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నా పెండ్లాం నాలుగు దినాల సంది మీరు తెచ్చిన నీళ్లు తాగింది. ఇంకేం చూడవోతున్నరు? పోండ్రి" అన్నాడు. లోపల నన్ను మెచ్చుకున్న ఆడవాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకామె కిందికి ఉమ్మేసింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

పసిబిడ్డను తండా దగ్గర చేను గట్టున పాతిపెట్టారు. అమ్మమ్మ జైల్లో ఉంది. పద్దెనిమిది రోజులకు బెయిలు దొరికింది. ఆమె ఇంటికి చేరేసరికి ఆయా ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం వచ్చి ఉంది. క్రిమినల్ కేసు ఉన్న మనిషి చేత పిల్లలకు వండించవద్దని ఎవరో పైకి రాశారట.

హెడ్ సారును చూడడానికి ఒకసారి వాళ్లింటికి పోయాను. కుడికన్ను పూర్తిగా పోయింది. ఆయన ఉండే బజారులోనే కొందరు, ఉద్యమం ఉసురు తగిలిందన్నారట. ఆయన భార్య అది చెప్పి ఏడ్చింది. నాతో కాసేపు పత్తి గురించి, వానల గురించి మాట్లాడాక ఆయనే ఎత్తాడు.

"రాయి యాపచెట్ల దిక్కుకెల్లి వచ్చింది చెల్లే. ఆడోళ్లు కూసున్నది గిటు దిక్కు."

"నాకెరుకే సార్."

"నన్ను గూడ అడిగిండ్రు. నేనెవరినీ చూడలేదనే రాసిచ్చిన. గంతే అయింది నాతోని" అన్నాడు. మేమిద్దరం తలలు దించుకుని చాయ్ తాగాం.

కేసు జనగామ కోర్టులో నడిచింది. నడిచింది అనకూడదు. పేషీకి పేషీకి నడుమ మూడు నెలలు, నాలుగు నెలలు. ఒకసారి బంద్. ఒకసారి మేజిస్ట్రేటు సెలవు. తెలంగాణ కోసం వకీళ్లు కోర్టులు బహిష్కరించిన రోజుల్లో గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. ఆమె గార్ల నుంచి ప్రతి పేషీకీ వచ్చేది. వరండాలో గోడకానుకుని కూర్చునేది. పిలిస్తే లేచి, సంతకం పెట్టి, తర్వాతి తారీఖు చెప్పించుకుని పోయేది. మా వాళ్లు ఆమెను రాయి కేసు అని పిలిచేవాళ్లు. కోర్టుకు వచ్చే జనం, పోలీసు కన్ను పోగొట్టిన మనిషంటే ఈమేనా అని ఒకరికొకరు చూపించుకునేవాళ్లు.

ఒక పేషీ నాడు నేను చాయ్ తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. గ్లాసు అందుకోలేదు.

"నా మీద రాసిచ్చింది నువ్వేనట గదా. వకీలు సారు చదివి చెప్పిండు."

"అవునక్కా. నేనే."

"నా రెక్క పట్టుకున్నది నువ్వే. నా ముంగట ఇస్తరాకు చూసింది నువ్వే. మరెందుకు రాసినవ్?"

"నన్ను బోనెక్కించిన దినం ఉన్నదున్నట్టు చెప్తా. నౌకరి పోతే పోనీ" అన్నాను.

"గప్పుడు చెప్పు. గప్పటిదాంక నాకు చాయ్ తేకు" అంది.

నేను నిజంగానే ఆ రోజు కోసం కాచుకున్నాను. ఇంట్లో కూర్చుని ఆ మాటలు పైకి అనుకునేదాన్ని. సంతకం నాదే, కానీ రాసింది నిజం కాదు. ఆమె అన్నం తింటోంది. నేనే లేపాను. ఊరికి పోయినప్పుడు నాయినకు చెప్పాను. ఆయన ఎడ్లకు గడ్డి వేస్తూ, "చెప్పు బిడ్డా. తీసేస్తే రా. చేను యాడికి వోతది" అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే రెండున్నరేళ్లు ఏమీ చేయకుండా గడిపాను. పై అధికారికి ఒక కాగితం రాసి ఉండవచ్చు. వకీలును కలిసి ఉండవచ్చు. బోనెక్కే రోజు ఎట్లాగూ వస్తుందని ఊరుకున్నాను.

ఈలోపు భూపాలపల్లికి బదిలీ అయింది. బొగ్గు లారీలు, నల్లటి దుమ్ము, పొద్దున షిఫ్టు సైరన్లు. తెలంగాణ వచ్చిందని తెలిసిన రోజు గని కార్మికులు మా స్టేషన్ ముందుకొచ్చి మాకూ రంగులు పూశారు. నిన్నటిదాకా తిట్టినవాళ్లే కౌగిలించుకున్నారు. మేమూ ఎగిరాం. నేనూ ఎగిరాను.

కొన్ని నెలలకు జనగామ నుంచి కోర్టు కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "మేడం, మీ రాయి కేసు ఎత్తేసిండ్రు. ఉద్యమం కేసులన్నీ పోయినయి. ఇగ మీరు సాక్ష్యానికి రావుడు అవసరం లేదు."

"మంచిది" అన్నాను. మొదట నాకు కలిగింది సంతోషమే. నా ఉద్యోగం మిగిలింది. ఆమెకు జైలు తప్పింది. అన్నం వండుకుని తిన్నాను కూడా. చేయి కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది, ఇక నన్ను బోనెక్కించి ఏం చూశావని ఎవరూ అడగరని.

ఆ మరుసటి ఏడాది మహబూబాబాద్‌లో ఉద్యమకారులకు సన్మాన సభ జరిగింది. బందోబస్తుకు భూపాలపల్లి నుంచి కూడా మమ్మల్ని పంపారు. నా డ్యూటీ స్టేజీ పక్కన, ఆడవాళ్ల వైపు. ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పుతున్నారు. ఒక పేరు పిలిచారు. ఆమె మెట్లెక్కింది. మనిషి బాగా చిక్కిపోయింది.

"ఆనాడు పోలీసుల లాఠీలకు ఎదురు నిలిచి రాయి ఇసిరిన మన ఆడబిడ్డ!" అన్నాడు మైకు పట్టుకున్నాయన. "జైలుకు పోయింది, నౌకరి పోగొట్టుకున్నది, మనవరాలిని పోగొట్టుకున్నది. మాట మాత్రం తప్పలే!" జనం లేచి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. రెండు మాటలు చెప్పమని మైకు ఆమె ముందుకు జరిపారు.

ఆమె మైకును తాకకుండా, దూరం నుంచే అంది: "నేను రాయి ఎయ్యలే. అన్నం తింటున్న."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముందు వరుసలో ఎవరో నవ్వారు. సభంతా నవ్వింది. మైకాయన పొంగిపోయాడు. "చూసిండ్రా! ఇప్పటికి గూడ పోలీసులకు చిక్కకుంట ఎట్ల మాట్లాడుతున్నదో!" అన్నాడు. మళ్లీ చప్పట్లు, మొదటిదానికంటే ఎక్కువ.

సభ అయ్యాక నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే పోయి కలిశాను. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"అక్కా" అన్నాను.

గుర్తుపట్టింది. కోపం కనిపించలేదు. "ఇన్నవా? అప్పుడు మీరు అన్నరు, ఇప్పుడు వీళ్లంటుండ్రు. నేను కాదంటే నవ్వుతుండ్రు. ఇంతమంది అంటుంటే ఒక్కోపారి నాకే అనుమానమొస్తది బిడ్డా, ఏసిన్నేమో అని."

"ఏయలే అక్కా. నేను చూసిన."

"నువ్వు చూసినవులే" అంది.

కేసు లేదు కాబట్టి ఆయా ఉద్యోగం మళ్లీ అడగవచ్చని చెప్పాను. అడిగానని, తిరిగి తిరిగి ఊరుకున్నానని అంది. అప్పుడు మిరప ఏరే కూలికి పోతోంది. నేను వస్తానన్నాను. వారం తర్వాత సెలవు పెట్టి, ఆమెతో అంగన్‌వాడీల ఆఫీసుకు పోయాను. కావాలనే యూనిఫాంలో పోయాను. గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. ఆమె నా వెనుక నిలబడే ఉంది. ఇంకో కుర్చీ నేనే లాగి వేశాను.

ఆమె రాయి వేయలేదని, తప్పు రాసింది నేనేనని, కావాలంటే ఇప్పుడే రాసిస్తానని చెప్పాను. గుమాస్తా పరేషాన్ అయ్యాడు. అట్లాంటి కాగితం ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు.

"కేసే లేదు గదా మేడం. లేని కేసుల నిజమేంది, అబద్ధమేంది? ఆ పోస్టు ఎప్పుడో నింపిండ్రు. వాళ్ల తండా ఆమెనే చేస్తున్నది."

ఆ కొత్త ఆయా పేరేమిటని ఆమె అడిగింది. గుమాస్తా చెప్పాడు. ఆమె వెంటనే లేచింది. "దాని మొగడు పోయిండు సార్. ఇద్దరు పిల్లలు. దాన్ని తీసేసి నన్ను వెట్టొద్దు" అని బయటికి వచ్చేసింది.

అయినా నేను కాగితం రాసి గుమాస్తాకు ఇచ్చాను. నకలు ఒకటి మా పై ఆఫీసుకు పోస్టులో పంపాను. శిక్ష పడుతుందనుకున్నాను. ఏమీ రాలేదు. మెమో కూడా రాలేదు. ఆ కాగితం ఎవరైనా చదివారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

బయట రోడ్డు పక్కన గార్ల బస్సు కోసం నిలబడ్డాం. ఆమె రోడ్డు వైపే చూస్తూ అడిగింది:

"ఆ నాలుగు దినాలు నువ్వు నా బిడ్డకాడికి పోయినవట గదా."

"పోయిన."

"పొల్లను చేతులకు తీసుకున్నవా?"

"తీసుకున్న. నీ బిడ్డ అన్నం తినేటప్పుడు నాకే ఇచ్చేది."

"ఎట్లుండె? నా బిడ్డనడుగుదామంటే ఏడుస్తది. అల్లుడు చెప్పడు."

నేను చెప్పాను. తలనిండా వెంట్రుకలు ఉండేవని, చెవుల దాకా సన్నటి నూగు ఉండేదని. కళ్లు పూర్తిగా తెరిచేది కాదని, దీపం వైపు తిప్పితే మొహం చిట్లించేదని. ఏడుపు పిల్లికూన కూతలా సన్నగా ఉండేదని. ఆమె పంపిన చీర ముక్కల్లో పచ్చదే చుట్టేవాళ్లమని. ఎడమ మోకాలు కింద కందిగింజంత పుట్టుమచ్చ ఉందని.

"ఏ మోకాలు?" అంది.

"ఎడమ."

చీర కొద్దిగా ఎత్తి తన ఎడమ మోకాలు కింద చూసుకుంది. అక్కడేమీ లేదు. "మా అమ్మకు ఉండె" అంది.

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. మర్నాడు పొద్దున డ్యూటీ ఉంది. రోడ్డు దాటి భూపాలపల్లి పోవడానికి బస్టాండుకు నడిచాను.